రెండో శనివారం బిడ్డది



ఈ వారం రాస్తున్న సంగతి మనం ప్రసంగ వేదిక మీద నుండి ఎక్కువగా మాట్లాడుకోనిది. పెళ్లి గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. విడిపోవడం దేవుని ఉద్దేశం కాదని మలాకీ గ్రంథం నుండి, మత్తయి సువార్త 19వ అధ్యాయం నుండి నేను చెబుతూనే ఉన్నాను. ఇకమీదట కూడా చెబుతాను. అయితే ప్రియులారా, విడిపోవడం జరిగిపోయింది, కోర్టు కాగితం చేతికి వచ్చేసింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఒక బిడ్డ ఉన్నాడు. వాడు తల్లి దగ్గర ఉంటాడు, తండ్రిని కలిసే రోజులు కోర్టు రాసి ఇచ్చింది. ఆ రోజు పొద్దున ఏం జరగాలి? ఎవరు తీసుకెళ్లాలి, ఎవరు ఏం మాట్లాడాలి, ఎవరు నోరు మూసుకోవాలి? ఇది చెప్పేవాళ్లు మన ఊళ్లలో తక్కువ.

నేను పరిచర్య చేసే మూడు ఊళ్లలో ఇప్పుడు అలాంటి కుటుంబాలు నాలుగున్నాయి. మీరున్న చోట కూడా ఉండే ఉంటాయి. అందుకే నా మనసులో ఉన్నది సూటిగా చెబుతాను. ఆ కలిసే రోజు తండ్రి గెలుచుకున్నది కాదు, తల్లి పోగొట్టుకున్నది కాదు. అది బిడ్డ రోజు. దాని మీద మనలో ఎవరికీ పెత్తనం లేదు.

ముందు చట్టం ఏమంటుందో తెలుసుకోవడం మంచిది. మన క్రైస్తవ వివాహాల విడాకులకు 1869 నాటి విడాకుల చట్టం ఉంది. ఇద్దరి సమ్మతితో విడిపోయే అవకాశం దానిలో 2001లో చేర్చారు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, వారి పోషణ, చదువు ఎలా అన్నదాని మీద కోర్టు ఉత్తర్వులు ఇవ్వవచ్చని అదే చట్టంలో ఉంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం కూడా కోర్టు చూడవలసింది మైనరు బిడ్డ క్షేమం. బిడ్డ తెలివిగా తన ఇష్టం చెప్పగల వయసులో ఉంటే ఆ ఇష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు, తల్లి ప్రేమ, తండ్రి ప్రేమ రెండూ పొందడం బిడ్డకు ఉన్న హక్కు అనే భావం చెప్పింది. బిడ్డ ఒకరి దగ్గర ఉన్నా రెండోవారు తగినంతగా కలుసుకునే వీలుండాలని, దూరాన ఉంటే ఫోనులోనో వీడియో కాల్‌లోనో మాట్లాడుకోవాలని కూడా చెప్పింది. గమనించారా? హక్కు బిడ్డదని మొదలుపెట్టింది కోర్టు. మన రచ్చబండ దగ్గర మాత్రం "వాడికేం హక్కుంది, దానికేం హక్కుంది" అని మొదలవుతుంది మాట.

ఇప్పుడు ఒక సంగతి చెబుతాను. ఆ తల్లినీ, ఆ తండ్రినీ, తాతగారినీ అడిగి, ముగ్గురూ సరేనన్న తర్వాతే రాస్తున్నాను. పేర్లు, ఊరు చెప్పను. తెలిసినవారు కూడా ఎత్తవద్దని మనవి.

అబ్బాయికి ఏడేళ్లు, రెండో తరగతి. తల్లి పుట్టింట్లో ఉండి కుట్టుమిషన్ మీద బతుకుతోంది. తండ్రి గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే హమాలీ. కేసు నడుస్తున్నప్పుడు వాయిదా రోజుల్లో కోర్టు ఆవరణలో చెట్టు కిందే కలుసుకునేవారు. చుట్టూ లాయర్లు, పోలీసులు, బేడీలతో వచ్చే ముద్దాయిలు. పిల్లవాడు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచేవాడట. చివరికి ఉత్తర్వు వచ్చేటప్పుడు ఇద్దరూ ఒప్పుకుని మన మందిరం వరండా పేరు రాయించుకున్నారు. రెండో శనివారం బడికి సెలవు గనుక పొద్దున పది నుండి సాయంత్రం ఐదు వరకు. నాలుగో ఆదివారం ఆరాధన అయిన తర్వాత నుండి చీకటి పడే వరకు. పోషణకు నెలకు మూడు వేలు తండ్రి ఇవ్వాలి.

కొన్నాళ్లు బాగానే జరిగింది. నవంబరులో యార్డుకు కొత్త కాయ రాదు, పని తగ్గుతుంది, కూలీ తగ్గుతుంది. అక్టోబరు డబ్బు రాలేదు, నవంబరు డబ్బు రాలేదు. డబ్బుతో పాటు మనిషీ రాలేదు. పిల్లవాడు నవంబరు రెండో శనివారం వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. మా ఇంట్లో అమ్మగారు అన్నం పెట్టి ఇంటికి పంపింది. నాలుగో ఆదివారం కూడా అంతే.

డిసెంబరు రెండో శనివారం పొద్దున తొమ్మిదిన్నరకే తండ్రి వచ్చాడు. పది దాటింది, పదిన్నర అయింది, పిల్లవాడు రాలేదు. నేను వాళ్లింటికి వెళ్లాను. పిల్లవాడు తల దువ్వించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని గడప మీద కూర్చుని ఉన్నాడు. తాతగారు మంచం మీద ఉన్నారు.

"రెండు నెలలు రూపాయి లేదు, మనిషి లేడు. ఇవాళ గుర్తొచ్చాడా కొడుకు? పంపను. అయ్యగారూ, మీరు వాక్యం చెప్పండి, వింటాం. మా ఇంటి సంగతి మాకు వదిలేయండి" అన్నారు.

ఆయన మన సంఘ పెద్ద. మందిరానికి స్లాబు వేసిన రోజు మొదటి సిమెంటు తట్ట ఎత్తిన చెయ్యి ఆయనది. కూతురి పెళ్లికి అర ఎకరం అమ్మారు. ఆ కూతురు బిడ్డను చంకనేసుకుని తిరిగొచ్చిన రాత్రి తలుపు తీసింది కూడా ఆయనే. ఆ మనిషి కోపంలో న్యాయం లేదని నేననను. మంచం పక్కన కూర్చుని అంతా విన్నాను. ఆయన చెప్పడం అయ్యాక ఒక్క మాట అన్నాను.

"పెద్దయ్యా, ఆ ఆరు వేలు కోర్టులో అడుగుదాం. కావాలంటే లాయరు దగ్గరకు మీతో నేనూ వస్తాను. కానీ ఆ బాకీ వీడి దగ్గర వసూలు చేయకండి."

ఆయన మాట్లాడలేదు. పంపలేదు కూడా. నేను తిరిగొచ్చేశాను. ఆయన సంఘ పెద్దయినా, నేను కాపరినైనా, బిడ్డ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చే అధికారం నాకు లేదు.

తండ్రి ఒంటిగంట బస్సు దాకా చూశాడు. రెండు నెలలు ఎందుకు రాలేదని అడిగితే తలవంచుకుని, "ఖాళీ చేతులతో ఏ ముఖం పెట్టుకుని రమ్మంటారు అయ్యగారూ" అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఒక సంచి నా చేతిలో పెట్టాడు. అందులో కొత్త చెప్పుల జత. సాయంత్రం తీసుకెళ్లి ఇచ్చాను. పిల్లవాడు అక్కడే గడప మీద కూర్చుని వేసుకున్నాడు. మడమ వేలెడు బయటికి ఉంది. తండ్రి చూసి రెండు నెలలు దాటింది కదా, కాలు పెరిగింది. వాడు వేళ్లు లోపలికి ముడుచుకుని, "సరిపోయాయి తాతా" అన్నాడు.

తాతగారు ఆ కాళ్ల వైపు చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు.

ఆ నెల నాలుగో ఆదివారం ఆశీర్వాదం అయిపోయి జనం లేస్తున్నారు. తాతగారు మనవడి చెయ్యి పట్టుకుని, అందరి మధ్య నుండి నడుచుకుంటూ గేటు దగ్గరకు వచ్చారు. అల్లుడితో మాట్లాడలేదు. నా వైపు తిరిగి, చెప్పుల సంచి నాకిచ్చి, "ఒక సైజు పెద్దవి మార్చి తెమ్మనండి" అన్నారు. అంతే. ఇప్పటికీ ఆయన అల్లుడితో మాట్లాడరు. డబ్బు సంగతి లాయరు ద్వారా అడిగారు, కొద్దికొద్దిగా తీరుతోంది. కానీ ప్రతి రెండో శనివారం తొమ్మిదిన్నరకల్లా బిడ్డను తెచ్చేది ఆయనే.

ఈ సంగతి జరిగాక నేను మొదటి సమూయేలు గ్రంథం 2వ అధ్యాయం 19వ వచనం దగ్గర ఆగిపోయాను. హన్నా తన కుమారుణ్ణి షిలోహులో ఏలీ దగ్గర విడిచిపెట్టింది. ఆమెది విడాకుల కథ కాదు, మొక్కుబడి కథ. అయినా బిడ్డ ఒకచోట, తల్లి ఒకచోట. ఏడాదికోసారి భర్తతో కలిసి బలి అర్పించడానికి వెళ్లేటప్పుడు వాడికి ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేదని అక్కడ రాసి ఉంది. ఆలోచించండి. ఏడాదిగా చూడని బిడ్డకు అంగీ కుట్టాలంటే, భుజం ఎంత పెరిగిందో, చెయ్యి ఎంత పొడవైందో ఆ తల్లి మనసులోనే కొలుచుకుని ఉండాలి. దూరాన ఉన్న తండ్రి అయినా, తల్లి అయినా చేయగలిగిన మొదటి పని అదే: బిడ్డ పెరుగుదలను తెలుసుకుంటూ ఉండడం. దగ్గరున్నవారు చేయవలసిన పని, ఆ కొలత రెండోవారికి అందకుండా దాచకపోవడం.

ఇక ఈ కుటుంబాలతో నడుస్తూ నేను చూసిన నాలుగు విషయాలు చెబుతాను.

మొదటిది, సమయం. పెద్దలకు అరగంట ఆలస్యం చిన్న విషయం. గడప మీద కూర్చున్న బిడ్డకు అది "నేను అక్కర్లేదేమో" అనే ప్రశ్న. రాలేకపోతే ముందురోజే ఫోను చేసి చెప్పండి, బిడ్డతోనే చెప్పండి. గల్ఫులో ఉన్న తల్లులారా, మీకూ ఇదే మాట. కువైట్‌లో గడియారం మన కంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది. మీకు పని ముగిసి ఊపిరి తీసుకునే రాత్రి పదింటికి ఇక్కడ పన్నెండున్నర. బిడ్డ మేలుకుని ఉండే వేళ చూసి రోజూ ఒకే వేళకు పది నిమిషాలు మాట్లాడండి. ఎప్పుడో చేసే గంట ఫోను కంటే అది మేలు.

రెండవది, డబ్బు. పోషణ డబ్బు ఒక బాధ్యత, కలవడం ఇంకొకటి. రెండింటినీ ఒక ముడి వేయకండి. డబ్బు రాలేదని బిడ్డను ఆపడం తగదు, బిడ్డను పంపలేదని డబ్బు ఆపడం తగదు. తండ్రులారా, డబ్బు లేని నెలలో సిగ్గుపడి ముఖం చాటేయకండి. మీరు లేని శనివారం బిడ్డకు మీ జేబు కనిపించదు, మీరు రాలేదన్నదే కనిపిస్తుంది. ఖాళీ చేతులతో రండి. ఇద్దరూ కలిసి చెరువు గట్టు మీద నడవడానికి డబ్బు అక్కర్లేదు. అడగవలసిన డబ్బు కోర్టులో అడగండి. పరిస్థితి మారితే రోజులు, వేళలు మార్చమని కూడా కోర్టునే అడగవచ్చు. లాయరుకు స్తోమత లేదని ఆగిపోవద్దు. స్త్రీలకు, పిల్లలకు ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు. 15100 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు.

మూడవది, నాలుక. బిడ్డ తిరిగొచ్చిన సాయంత్రం మన ఇళ్లలో జరిగే విచారణ పోలీసు స్టేషన్లో కూడా జరగదు. "మీ నాన్న ఇంట్లో ఎవరున్నారు? ఏం పెట్టారు? మీ నాయనమ్మ మమ్మల్నేమంది?" అమ్మమ్మలారా, నాయనమ్మలారా, మీ ప్రేమ నాకు తెలుసు. కానీ ఈ ప్రశ్నలకు జవాబు చెప్పిన ప్రతిసారీ బిడ్డ ఒక ఇంటి గుట్టు ఇంకో ఇంట్లో పెడుతున్నాడు. కొన్నాళ్లకు రెండుచోట్లా అబద్ధం చెప్పడం నేర్చుకుంటాడు, ఎందుకంటే రెండుచోట్లా వాడికి ప్రేమ కావాలి. వేళ్లు ముడుచుకుని "సరిపోయాయి" అన్న బిడ్డను మరిచిపోకండి. "అన్నం తిన్నావా? ఆడుకున్నావా? కాళ్లు కడుక్కో" చాలు. తనంతట తాను చెబితే వినండి.

సొలొమోను ముందుకు ఇద్దరు స్త్రీలు ఒక బిడ్డతో వచ్చిన కథ మన సండే స్కూల్ పిల్లలకు కూడా తెలుసు. రాజు కత్తి తెమ్మన్నప్పుడు నిజమైన తల్లి బిడ్డను వదులుకోవడానికైనా ఒప్పుకుంది గాని కత్తికి ఒప్పుకోలేదు. మన ఇళ్లలో కత్తి కనిపించదు. "నీకు అమ్మ కావాలా, నాన్న కావాలా?" అని అడుగుతామే, అదే ఆ కత్తి. సరదాకైనా ఆ ప్రశ్న అడగకండి. కూటం అయ్యాక మందిరం మెట్ల మీద నిలబడి అడిగే సహోదరీ సహోదరులకు కూడా ఇదే మాట.

నాలుగవది, కొందరికి నచ్చకపోవచ్చు, కానీ తప్పక చెప్పాలి. కలిసే రోజు బిడ్డది గనుక, బిడ్డకు హాని ఉన్నచోట ఆ రోజు ఆగాలి. తాగి వచ్చే తండ్రి, కొట్టే చెయ్యి, బిడ్డ ఒంటి మీద తగలరాని చోట తగిలే చెయ్యి, ఇవి ఉన్నచోట "క్షమించి పంపమ్మా" అని ఏ కాపరీ, ఏ సంఘ పెద్దా చెప్పకూడదు. క్షమించడం పెద్దవాళ్ల పని, దాని ఖరీదు బిడ్డ చేత కట్టించకూడదు. 2005 నాటి గృహ హింస చట్టం కింద, కలవడం బిడ్డకు హాని అనిపిస్తే మేజిస్ట్రేటు దాన్ని నిరాకరించవచ్చు. ఇంకొకరి కళ్లెదుట మాత్రమే కలిసే ఏర్పాటు కోర్టును అడగవచ్చు. బిడ్డ మీద లైంగిక హాని జరిగిందని తెలిస్తే ఇంట్లో దాచడానికి, సంఘంలో సర్దడానికి వీల్లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తెలిసిన ప్రతివారి బాధ్యత. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. అలాగే, కోపం కొద్దీ లేని నింద పుట్టించి బిడ్డ నోట పలికించడం కూడా ఆ బిడ్డకు చేసే హానే.

ఇక సంఘానికి నా మనవి. విడిపోయిన భార్యాభర్తల్లో ఎవరి వైపు నిలబడాలో తేల్చుకోవడానికి మనం చాలా తొందరపడతాం. మన ఊళ్లలో అది బంధుత్వాన్ని బట్టి తేలిపోతుంది. కానీ మందిరం వరండా ఎవరి వైపూ కాదు. అక్కడికి వచ్చిన తండ్రిని చూసి మూతి తిప్పుకోకండి, మంచినీళ్లివ్వండి. బిడ్డను పంపి ఒంటరిగా ఇంటికి నడిచే తల్లిని "పంపేశావా?" అని గుచ్చకండి, కాసేపు తోడు కూర్చోండి. ఆ ఏడు గంటలు ఆమెకు ఎంత పొడవో మా ఇంట్లో అమ్మగారికి తెలుసు. ఆ శనివారాలు ఆమె కుట్టు పని తెచ్చుకుని మా వంటింట్లోనే కూర్చుంటోంది.

ఆదికాండము 21వ అధ్యాయంలో అబ్రాహాము ఇంట్లో నుండి హాగరును, బిడ్డను పంపివేసిన సంగతి ఉంది. బెయేర్షెబా అరణ్యంలో నీళ్లు అయిపోయాయి. తల్లి బిడ్డను పొద కింద పెట్టి, చావు చూడలేక దూరంగా కూర్చుని ఏడ్చింది. అక్కడ దేవుడు విన్నది ఆ చిన్నవాడి స్వరం అని వాక్యం ప్రత్యేకంగా చెబుతుంది. పెద్దవాళ్ల తగువులో ఎవరిది ఎంత తప్పో అక్కడ తేల్చలేదు. బావి చూపించాడు.

నాలుగు అధ్యాయాల తర్వాత, 25వ అధ్యాయంలో, అబ్రాహాము మరణించాడు. మక్పేలా గుహలో అతన్ని పాతిపెట్టింది ఎవరు? ఇస్సాకు, ఇష్మాయేలు ఇద్దరూ. ఇంట్లో నుండి పంపివేయబడిన కుమారుడు తండ్రి సమాధి దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. మధ్యలో ఎన్ని సంవత్సరాలు, ఎన్ని మాటలు గడిచాయో వాక్యం మనకు చెప్పలేదు. మన బిడ్డలు కూడా పెద్దవాళ్లవుతారు. వాళ్ల పెళ్లికి, మన చావుకు అమ్మ వైపు వారు, నాన్న వైపు వారు ఒకే పందిట్లో నిలబడవలసిన రోజు వస్తుంది. ఆ రోజు వాడు ఇద్దరి మధ్య వేళ్లు ముడుచుకుని నిలబడతాడా, స్థిమితంగా నిలబడతాడా అన్నది ఇప్పటి శనివారాల్లో తేలుతోంది.

వచ్చే రెండో శనివారం కూడా వరండా తొమ్మిదింటికే ఊడ్చి ఉంటుంది. ఎవరి కుటుంబానికైనా అవసరమైతే ముందుగా నాకు ఒక మాట చెప్పండి. కోర్టు ఉత్తర్వు కాపీ తెచ్చుకోండి, దానిలో ఉన్నట్టే నడుచుకుందాం.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, రెండు ఇళ్ల మధ్య నడిచే చిన్న బిడ్డలను నీ చేతికి అప్పగిస్తున్నాము. వారి రోజును మా కోపమునకు పావుగా వాడకుండునట్లు మా నాలుకలకు కావలి ఉంచుము. దూరాన ఉన్న తండ్రులకు సిగ్గును దాటి వచ్చే ధైర్యము, దగ్గరున్న తల్లులకు పంపగలిగే మనసు, తాతలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఓర్పు దయచేయుము. హాని ఉన్న చోట బిడ్డకు మమ్మును అడ్డుగోడగా నిలుపుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమెన్.